ఫ్రిజ్‌లో పెట్టిన సలామీ భద్రమేనా?

ప్రశ్న: మేము బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాము. మా కోడలికి ఇప్పుడు అయిదో నెల. ఆఫీసుకు వెళ్లే హడావిడిలో బ్రెడ్డు ముక్కల మధ్య చికెన్ సలామీ (మాంసాన్ని రుబ్బి దిమ్మెగా చేసి, పల్చటి ముక్కలుగా కోసే తినుబండారం) పెట్టుకుని తినడం ఆమెకు అలవాటు. దాన్ని సూపర్ మార్కెట్‌లో అప్పటికప్పుడు కోయించి తెచ్చి ఫ్రిజ్‌లో ఉంచుతాము. ఫ్యాక్టరీలో ఉడికించినదే కదా, వాసన కూడా రావడం లేదు, భయమెందుకని మా అబ్బాయి అంటున్నాడు. మానిపించమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: సలామీ ఉడికించినదేనన్న మీ అబ్బాయి మాట చాలావరకు నిజమే కానీ, ప్రమాదం ఉడికిన తరువాత మొదలవుతుంది. దాన్ని కోసేటప్పుడు, పొట్లం కట్టేటప్పుడు, దుకాణంలో మళ్లీ ముక్కలు చేసేటప్పుడు లిస్టీరియా అనే బాక్టీరియా చేరే అవకాశం ఉంది. చాలా బాక్టీరియాల పెరుగుదలను చల్లదనం దాదాపు ఆపేస్తుంది. ఇది మాత్రం ఫ్రిజ్ చలిలోనూ మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, ఉప్పును కూడా బాగా తట్టుకుంటుంది. పైగా రంగు, రుచి, వాసన ఏమీ మారకపోవచ్చు కనుక ముక్కుతో పరీక్షించడం వల్ల ప్రయోజనం లేదు. దక్షిణాఫ్రికాలో 2017-18లో పొలోనీ అనే ఇటువంటి మాంసపు తినుబండారం వల్ల వెయ్యి మందికి పైగా ఈ జబ్బున పడ్డారు, రెండు వందల మందికి పైగా మరణించారు. బాధితుల్లో నవజాత శిశువులే ఎక్కువగా ఉన్నారు.

ఆరోగ్యవంతులకు ఇది సాధారణంగా తీవ్రం కాదు. గర్భిణులకు, 65 ఏళ్లు దాటినవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం చాలా ప్రమాదకరం. గర్భిణికి కాస్త జ్వరం, ఒళ్లునొప్పులు మాత్రమే కనిపించినా, బిడ్డకు సోకితే గర్భస్రావం, మృతశిశు జననం, నెలలు నిండకుండా ప్రసవం వంటివి జరగవచ్చు. అందువల్ల ప్రసవం అయ్యేవరకు మానిపించడమే నా సలహా; ఆ చోట ఇంట్లో బాగా ఉడికించిన కోడిగుడ్డో, కూరలోని చికెనో పెట్టుకోవచ్చు. తినాలని మరీ మనసైతే, ముక్కలను పెనం మీద పొగలు కక్కేదాకా, అంటే లోపల కూడా 74 డిగ్రీల సెల్సియస్ చేరేదాకా వేడిచేసి, వెంటనే తినాలి. మైక్రోవేవ్‌లో ఒక మూల కాలిపోయి మరో మూల చల్లగా ఉండిపోతుంది కాబట్టి పెనమే మేలు.

ఇంట్లో మిగతావారి కోసం తెచ్చేటప్పుడైనా, దుకాణంలో కోయించిన దానికన్నా తేదీ స్పష్టంగా ఉన్న సీలు వేసిన ప్యాకెట్టును నేను ఎంచుకుంటాను. అన్ని రకాల మాంసాన్నీ కోసే యంత్రాన్ని విడదీసి కడగకపోతే, ఒక దిమ్మెకున్న కాలుష్యం తరువాతి వాటికీ అంటుకుంటుంది. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువలో ఉండాలి. తలుపు అరలో వేడి ఎక్కువ కనుక మాంసాన్ని అక్కడ పెట్టవద్దు.

ఇన్నాళ్లూ తిన్నదానికి కంగారు పడనక్కరలేదు. అయితే ఈ జబ్బు కొన్నిసార్లు తిన్న రెండు నెలల తరువాత కూడా బయటపడుతుంది. కనుక జ్వరం వస్తే, అది సీజన్ జ్వరమో డెంగీయో అని ఇంట్లోనే తేల్చేయకుండా, సలామీ తిన్న సంగతి వైద్యురాలికి చెప్పండి. రక్త పరీక్షతో దీన్ని గుర్తించవచ్చు, గర్భిణులకు ఇవ్వదగిన యాంటీబయాటిక్ మందులూ ఉన్నాయి.

ప్రశ్న: డీప్ ఫ్రీజర్‌లో పెడితే ఆ క్రిములు చావవా?
– మరొక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: చావవు. గడ్డకట్టిన స్థితిలో వాటి పెరుగుదల ఆగుతుంది, కరిగాక మళ్లీ మొదలవుతుంది. ఫ్రీజర్‌లో ఒకటి రెండు నెలలు ఉంచవచ్చు. ఆపై రుచి చెడుతుంది. కరిగించేటప్పుడు వంటింటి గట్టు మీద కాకుండా ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. విప్పిన ప్యాకెట్టునైనా, కోయించి తెచ్చిన ముక్కలనైనా మూడు నుంచి అయిదు రోజుల్లోపు ముగించండి.