ఆత్మరక్షణ: విశాఖ పాఠకుల ప్రశ్నలు, శిక్షకుల జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా కాలేజీలో వారం రోజులు ఆత్మరక్షణ శిబిరం పెట్టారు. చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం అక్కడ సులువుగానే వచ్చింది. ఇంటికొచ్చాక మా అన్నయ్య గట్టిగా పట్టుకుంటే ఎంత గింజుకున్నా రాలేదు. నాకు బలం చాలకనా, ఆ పద్ధతే పనికిరాదా?
– డిగ్రీ విద్యార్థిని, గోపాలపట్నం

జవాబు: పద్ధతి మంచిదేనమ్మా. శిబిరంలో మీకు జోడీగా నిలబడ్డ అమ్మాయి వదిలేయడానికే పట్టుకుంది. మీ అన్నయ్య వదలకూడదని పట్టుకున్నాడు. తేడా అంతా అక్కడే.

ఎవరి పట్టులోనైనా ఒకవైపు నాలుగు వేళ్లుంటాయి, రెండోవైపు బొటనవేలు ఒక్కటే. వాటి కొసలు కలిసేచోట సందు ఉంటుంది. మీ చెయ్యి బయటికి రావలసింది ఆ సందులోంచే. కంగారులో ఎవరైనా చేతిని నేరుగా వెనక్కి లాగుతారు. అప్పుడు మోచెయ్యి చాచుకుపోయి భుజం బలం ఒక్కటే మిగులుతుంది. పట్టుకున్నవాడు ఒక అడుగు ముందుకేస్తే ఆ లాగుడు కూడా వృథా.

అందుకే ముందు అతని వైపే జరగాలి. మోకాళ్లు కాస్త వంచి అర అడుగు ముందుకు వేయండి. మోచెయ్యి మీ పక్కటెముకల దగ్గరికి వస్తుంది. ముంజేతిని తిప్పి, బొటనవేలి వైపు ఉండే సన్నని అంచును ఆ సందుకు ఎదురుగా పెట్టండి. వెడల్పు వైపు పెడితే ఇరుక్కుపోతుంది. ఇక మీ మోచేతిని అతని మోచేతి వైపు తోస్తూ, నడుము తిప్పుతూ, అరచేతిని మీ అవతలి భుజం మీదికి ఒక్క ఊపున తెచ్చుకోండి. అదే క్షణంలో ‘వదులు!’ అని అరవండి. అరిస్తే ఊపిరి బయటికి పోతుంది, ఒళ్లు కొయ్యబారదు, చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూస్తారు.

మీ కుడిచేతిని అతను తన కుడిచేత్తో అడ్డంగా పట్టుకుంటే సందు రెండోవైపుకు మారుతుంది. అప్పుడు చెయ్యి బయటివైపుకు తిరగాలి. బట్టీ పట్టక్కర్లేదు, అతని బొటనవేలు ఎటుందో చూసుకుంటే చాలు. రెండు చేతులతో పట్టుకుంటే అతని చేతుల మధ్యలోంచి మీ ఖాళీ చెయ్యి దూర్చి, మీ పిడికిలినే మీరు పట్టుకుని, ఒళ్లంతా తిప్పుతూ భుజం మీదికి లాగాలి.

అప్పటికీ ఊడకపోతే అతని ధ్యాస చేతి మీది నుంచి మళ్లించాలి. మడమతో పాదం మీద బలంగా తొక్కండి, లేదా మోకాలి కింద ముందెముక మీద తన్నండి. ఖాళీ చేత్తో అయితే మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి గట్టి భాగంతో ముక్కు మీద కొట్టండి. పిడికిలి వద్దు. అలవాటు లేనివాళ్లు పిడికిలితో మొహం మీద గుద్దితే చిటికెనవేలి వెనక ఎముక విరగడం మామూలే.

సాధనకు అన్నయ్యే సరైన జోడీ. తన బలంలో పదికి మూడు వంతులతో పట్టుకోమనండి. వరసగా పదిసార్లు వస్తే ఐదు వంతులు, ఆపైన ఏడు. చివరి విడతలో మిమ్మల్ని లాక్కెళ్తూ పట్టుకోమనండి. రెండు చేతులకూ, వారానికి మూడు రోజులు, పూటకు పావుగంట చాలు. వాచీ, గాజులు తీసేసి మొదలుపెట్టండి. మట్టిగాజులు పగిలితే మణికట్టు కోసుకుపోతుంది. ఇంకో మాట: చెయ్యి ఊడగానే అక్కడే నిలబడిపోవడం చాలామందిలో చూస్తాం. ప్రతిసారీ ఐదారు అడుగులు పరుగెత్తితేనే ఆ సాధన పూర్తయినట్టు లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: మాస్టారు గారూ, నాకు 46 ఏళ్లు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఇప్పుడు జూడో మొదలుపెట్టవచ్చా? ఇంట్లో చోటు లేదు, ఆర్కే బీచ్ ఇసుక మెత్తగా ఉంటుంది కదా అని అక్కడ చేద్దామనుకుంటున్నాను.
– కూర్మన్నపాలెం

జవాబు: తప్పకుండా మొదలుపెట్టండి. బీపీ, మోకాళ్లు ఒకసారి డాక్టరుకు చూపించుకుని రండి. ఇసుక మీద మాత్రం మీరు అనుకున్నంత నమ్మకం పెట్టుకోకండి. పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్క, మడమ వెనక నరం సాగుతాయి. కాలు ఇసుకలో కూరుకుని ఉండగా నడుము తిప్పితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది, కాబట్టి తిరిగి తన్నే కిక్కులు అక్కడ వద్దు. తడి ఇసుక నేలంత గట్టిది, పైగా ఏటవాలు. అందులో ఒకే దిక్కుకు పరుగెత్తితే ఒక తుంటి మీదే భారం. వెళ్లినదారినే వెనక్కి రండి, మొదట్లో పది నిమిషాలకు మించవద్దు. గాజుపెంకులుంటాయి, బూట్లు వేసుకోండి. మన ఊరి ఉక్కకు చెమట విపరీతం, నీళ్ల సీసా వెంట ఉండాలి.

ఈ వయసులో మీకు అన్నిటికన్నా పనికొచ్చేది పడటం నేర్చుకోవడం. 1882లో జిగోరో కానో స్థాపించిన జూడోలో దీన్ని ‘ఉకేమి’ అంటారు. దాడి జరగకపోయినా, తడి బాత్రూములో జారినా ఇదే కాపాడుతుంది. మొదటి వారం మ్యాటు మీద వెల్లకిలా పడుకుని, గడ్డం ఛాతీకి ఆనించి బొడ్డు వైపు చూస్తూ, రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా చాచి ముంజేతులతో సహా నేలను చరచండి. చరిచేటప్పుడు ఊపిరి వదలాలి. తర్వాత గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లుతూ అదే చేయాలి. ఆ దశలో రెండు మూడు వారాలు గడపండి, తొందరేం లేదు. నిలబడి పడటం ఆ తర్వాతే, అదీ శిక్షకుడి ఎదుటే. పడుతూ అరచెయ్యి వెనక్కి ఆనించారంటే ఒంటి బరువంతా మణికట్టు మీద పడి ఎముక విరుగుతుంది. గడ్డం పైకెత్తితే తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. ఈ రెండు అలవాట్లూ పోయాకే త్రోలు, అంటే ఎదుటివాణ్ని ఎత్తి పడేసే పట్లు.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. ఏడాదిలో బ్లాక్ బెల్టు అంటున్నారు. చేర్పించమంటారా?
– ఓ తల్లి, మధురవాడ

జవాబు: వద్దమ్మా. వారానికి రెండు మూడు రోజులు వచ్చే పిల్లవాడికి అది కొన్నేళ్ల పని. కరాటేనా, తైక్వాండోనా, జూడోనా అన్నది రెండో సంగతి. ముందు ఒక పూట క్లాసు కూర్చుని చూడండి, చూడనివ్వని చోట అసలు వద్దు. మ్యాట్ల మధ్య సందులుంటే కాలివేళ్లు ఇరుక్కుంటాయి. పిల్లల్ని తల మీద కొట్టుకోనిస్తున్నారేమో గమనించండి. ఎనిమిదేళ్లవాడికి ఆత్మరక్షణ అంటే అరవడం, పరుగెత్తడం, ఇంట్లో దాచకుండా చెప్పడం.

ప్రశ్న: రాత్రి డ్యూటీ దిగి షేర్ ఆటోలో ఇంటికి వెళ్తాను. పెప్పర్ స్ప్రే కొన్నాను. ఎలా వాడాలి?
– నర్సు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆటోలో మాత్రం కొట్టకండి. ఆ ఇరుకులో మీ కళ్లూ మండుతాయి, బండి నడిపేవాడికీ కనపడదు. అది దిగి నడిచే దారి కోసం. చిన్న డబ్బాలు చాలావరకు రెండు మూడు మీటర్ల లోపే పనిచేస్తాయి, దూరం లేబులు మీద చూసుకోండి. సాయంత్రం బీచ్ రోడ్డులో గాలి సముద్రం మీది నుంచి వీస్తుంది. దానికి ఎదురుగా నిలబడి నొక్కితే మందు మీ మొహానికే వస్తుంది. రెండు కళ్లకూ తగిలేలా ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా అడ్డంగా ఒకటి రెండు సెకన్లు కొట్టి, పక్కకు తప్పుకుని పరుగెత్తండి. హ్యాండ్‌బ్యాగు అడుగున ఉంటే లేనట్టే, నడిచేటప్పుడు చేతిలోనే ఉంచుకోండి. ఎండలో నిలిపిన స్కూటీ డిక్కీలో పెట్టకండి. గడువు తేదీ చూస్తూ ఉండండి. మీ కంట్లో పడితే రుద్దకుండా చల్లటి నీళ్లధార కింద కళ్లు ఆర్పుతూ పావుగంట కడగాలి.

ప్రశ్న: ఎదురు తిరిగి కొడితే కేసు నా మీదే పడుతుందంటున్నారు. నిజమేనా?
– కంచరపాలెం యువకుడు

జవాబు: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అవసరానికి మించి హాని చేయకూడదన్నది 37వ సెక్షన్. ఆచరణలో దీని అర్థం: అతను పడిపోయినా, పారిపోతున్నా ఇక కొట్టే హక్కు లేదు. వెంటపడి తన్నిన తన్ను దాడి కిందికి వస్తుంది. బయటపడగానే 112కు మీరే ముందు ఫోన్ చేయండి. చిన్న దెబ్బైనా కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రిలో రాయించుకోండి. దగ్గర్లో దుకాణాల సీసీ కెమెరాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని పోలీసులకు వెంటనే చెప్పండి, పాత దృశ్యాలు చెరిగిపోతాయి.

ప్రశ్న: మా తాత దగ్గర కర్రసాము నేర్చుకున్నాను. ఎవడైనా కత్తి తీస్తే ఎదుర్కోగలనా?
– భీమిలి

జవాబు: సాము నేర్పిన అడుగుల పొందిక, దూరం అంచనా మీకు పెద్ద ఆస్తి, వాటిని వదలకండి. కానీ రోడ్డు మీద చేతిలో కర్ర ఉండదు, ఉంటే గొడుగు ఉంటుంది. దాన్ని ఊపి కొడితే పట్టుకుంటాడు. రెండు చేతులతో పట్టుకుని ఛాతీ మీదికి పొడుస్తూ దూరం పెంచండి, ఆగి ఉన్న కారునో బండినో మధ్యలో అడ్డం పెట్టుకోండి. పర్సు, ఫోను అడిగితే అతని వెనక పడేలా విసిరి రెండోవైపుకు పరుగెత్తండి. కత్తి ఉన్న చేతిని ఒట్టి చేతులతో పట్టుకోవడం, పారిపోయే దారి బొత్తిగా లేనప్పుడు మాత్రమే.