నేల కింది దేవతలు: పాఠకుల ప్రశ్నకు జవాబు

ప్రశ్న: నేను తిరుపతిలో శిల్పకళ చదువుతున్నాను. మెక్సికో ప్రాచీన ప్రజలైన అజ్టెక్‌ల పురాణాలను, మెక్సికో నగర చరిత్రను కలిపి మరియానా కాస్తియో దెబాల్ అనే శిల్పి చేసిన ప్రదర్శనల గురించి చదివాను. భిన్నమైన, అంటే విరిగిన విగ్రహం పూజకు తగదని నేర్చుకున్న మాకు, ముక్కలైన దేవతను గొప్ప శిల్పమనడం, నగర పటాన్ని సందర్శకుల చేత తొక్కించడం మింగుడుపడడం లేదు. వివరించగలరా?
ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందు ఆ దేవత సంగతి చూద్దాం. 1978 ఫిబ్రవరి 21న మెక్సికో నగరం నడిబొడ్డున కరెంటు పనివాళ్లు గుంత తవ్వుతుండగా మూడు మీటర్లకు పైగా వ్యాసమున్న గుండ్రని రాయి బయటపడింది. తల, చేతులు, కాళ్లు తెగిన స్త్రీ రూపం దానిపై ఉంది. ఆమె అజ్టెక్ దేవత కొయొల్‌షౌకీ. తల్లి కోఅట్లిక్వే సర్పగిరిపై ఊడుస్తుండగా ఈకల బంతి పడి గర్భవతి అయిందనీ, అది అవమానమని తలచిన కూతురు నాలుగు వందల మంది సోదరులతో ఆమెను చంపబోయిందనీ, ఆ క్షణంలోనే ఆయుధాలతో పుట్టిన దేవుడు ఉయిట్సిలోపోచ్ట్లి ఆ అక్కను ఖండించి కొండ మీది నుంచి కిందికి దొర్లించాడనీ కథ. ఆ రాయి దొరికింది సరిగ్గా ఆ దేవుడి గుడి మెట్ల కిందే. గుడి సర్పగిరి అయితే, మెట్ల కింది చోటు ఆమె దేహం పడిన చోటు. కనుక అది కాలవశాన భిన్నమైన విగ్రహం కాదు, శిల్పి ముక్కలైన దేహంగానే ధ్యానించి చెక్కిన రూపం. తెగిన అవయవాలు వృత్తంలో గిర్రున తిరుగుతున్నట్లు అమరిన తీరును ఒకసారి మీ చేత్తో గీసి చూడండి.

1325లో సరస్సు నడుమ ద్వీపంపై వెలసిన అజ్టెక్‌ల రాజధాని టెనోచ్టిట్లాన్, ఇక్కడ శ్రీకృష్ణదేవరాయలు ఏలుతున్న 1521లో స్పెయిన్ సేనల చేతికి చిక్కింది. గుడుల రాళ్లతోనే వాటి మీదే కొత్త నగరం, అంటే మెక్సికో నగరం కట్టారు. అందుకే అక్కడ వీధి తవ్వితే పురాణం బయటపడుతుంది. 1790లో దొరికిన కోఅట్లిక్వే విగ్రహానికి స్థానికులు కొవ్వొత్తులు వెలిగించి మొక్కసాగడంతో దానిని మళ్లీ పాతిపెట్టారు. దేవతను ఆమె బిడ్డల కంటికి కనబడకుండా చేసిన ఆ పని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక తొక్కడం గురించి. 2013లో బెర్లిన్‌లో దెబాల్ పరిచినది, 1524లో జర్మనీలోని నూరెంబర్గ్‌లో అచ్చయిన టెనోచ్టిట్లాన్ పటాన్ని చెక్కిన కొయ్య నేల. ఆ పటం అచ్చయ్యేనాటికే అందులోని నగరం లేదు. దాని మీద నడిచే మనిషి, కింద ఏమి పూడిపోయిందో పాదాలతో తెలుసుకుంటాడు. మన ఆలయ ప్రాంగణాల్లో సాష్టాంగపడిన భక్తుల బొమ్మలు నేలరాళ్లపై ఉంటాయి కదా, పదిమంది పాదాలు తగలాలనే వాళ్లు అలా చెక్కించుకున్నారు. తొక్కడమంతా అవమానమని మన శిల్పులూ అనుకోలేదు.

మీరూ ఇలాంటి పని చేయాలనుకుంటే ఏర్పేడు దగ్గరి గుడిమల్లం శివాలయానికి వెళ్లండి. అక్కడ గర్భగుడి నేల ముఖమండపం కన్నా దిగువన ఉంటుంది. ఆ లింగంపై నిలిచిన శివుణ్ణి చూసేముందు, ఆ దిగువను కొలిచి రాసుకోండి.