జిగురు కూర వడ్డించే ముందు

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మలూ,

నీకూ అల్లుడుగారికీ నా ఆశీస్సులు. ఆయన మాంసం, గుడ్డు, పాలు మూడూ మానేశారనీ, ఆయన కోసం గ్లూటెన్ పొడి తెప్పించాననీ, ఆదివారం భోజనానికి వచ్చే అత్తవారి వైపు వాళ్లందరికీ దానితోనే కూర చేస్తాననీ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పావు. నీ ఉత్సాహం చూసి సంతోషం కలిగింది, భయం కూడా వేసింది. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకూ పేరంటాలకూ వంటలు చేయించిన దాన్ని కనుక, కూర ఎలా వండాలో చెప్పేముందు దాన్ని ఎవరికి పెట్టకూడదో చెబుతాను.

గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసికి కడుగుతూ పోతే పిండి పాలలా దిగిపోయి, చేతిలో సాగే జిగురు మిగులుతుంది, గ్లూటెన్ అంటే అదే. దాన్ని ఎండబెట్టి పొడి చేసిందే నీ ప్యాకెట్. మన మాడుగుల హల్వాకు కావలసింది గోధుమ పాలు. చైనా బౌద్ధ మఠాల్లో వంటవాళ్లు జిగురును పట్టుకుని మాంసం లేని కూరలు వండారు. అక్కడ దాన్ని మియెన్‌చిన్ అంటారు, జపానులో ఫు అంటారు. ఇప్పుడు అందరూ అంటున్న సీటాన్ అనే పేరు 1961లో జపాను ఆహార గురువు జార్జ్ ఒసావా పెట్టినది.

మీ ఆడపడుచు కొడుక్కి గోధుమ పడదని నువ్వు ఒకసారి అన్నావు, గుర్తుందా? అది సీలియాక్ జబ్బా, గోధుమ ఎలర్జీనా, లేక చపాతీ తింటే కడుపు ఉబ్బుతోందని ఇంట్లో అనుకున్న మాటా అన్నది ముందు తెలుసుకో. సీలియాక్ అయితే గ్లూటెన్ తగిలినప్పుడల్లా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది, కొంచెమే కదా అనడానికి వీల్లేదు. అదే గరిటె, అదే మూకుడు కూడా వాడకూడదు. పొడి ఇంగువలో మైదా కలిసి ఉండవచ్చు, సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది, కాబట్టి వాడి చారు పోపుకు కూడా డబ్బా మీద రాసింది చదువు. ఒకవేళ ఉబ్బరమే అయితే దానికి జిగురే కారణమని చెప్పలేం. గోధుమలో ఫ్రక్టాన్లనే పదార్థాలుంటాయి, కొందరికి అవి సరిపడవు. పరీక్ష చేయించకపోతే చేయించమను, కానీ అంతకుముందే గోధుమ మాన్పించవద్దు. మానేశాక చేస్తే జబ్బు ఉన్నా రక్తపరీక్షలో కనబడకపోవచ్చు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక నామకరణం భోజనాల్లో నేనే ఈ తప్పు చేశాను. జిగురు ముక్కలతో కుర్మా చేయించి, అడిగినవాళ్లకు శాకాహారమే, భయం లేదని చెప్పాను. గోధుమ పడని ఒక పాప నా మాట నమ్మి తిన్నది, వారం రోజులు బాధపడింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా గుచ్చుతూనే ఉంది. అప్పటి నుంచి విస్తరి వేసే ముందే ఎవరికి ఏది పడదో అడుగుతున్నాను.

మీ మామగారి సంగతి వేరు. మూత్రపిండాల డాక్టర్ ఆయనకు రోజుకు ఇన్ని గ్రాముల మాంసకృత్తులని లెక్క పెట్టారు కదా. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటే, వంద గ్రాముల ఈ పొడిలో దాదాపు 75 గ్రాములుంటాయి. ఆ లెక్క డాక్టర్‌కు చెప్పి, ఆయన సరేనంటేనే వడ్డించు. మీ అత్తగారు చక్కెర జబ్బు ఉన్నా తినవచ్చు, ఎందుకంటే పిండిపదార్థం చాలావరకు నీళ్లతో పోయింది. అన్నం మాత్రం తగ్గించాలి. ఏకాదశి నాడు ఆవిడకు పెట్టకు, ఇదీ ధాన్యమే. ఉల్లి, వెల్లుల్లి తినని మీ జైన పొరుగువారికి అవి లేకుండా వండు, ఇంకేమైనా తినరేమో కూడా అడుగు.

అల్లుడుగారికి ఇది మంచిదే, కానీ దీని మీదే ఆధారపడనివ్వకు. గోధుమ మాంసకృత్తుల్లో లైసిన్ అనే, ఒంటికి తప్పనిసరి అయిన భాగం తక్కువ, పప్పుల్లో ఎక్కువ. రోజూ పప్పో, శనగలో, సోయానో కంచంలో ఉంటే ఆ లోటు తీరుతుంది. మన ముద్దపప్పు అన్నం ఆ పని ఎప్పటి నుంచో చేస్తోంది. బి12 మాత్రం ఇందులోనూ లేదు, పప్పులోనూ లేదు. పాలు కూడా మానేశారు కనుక మాత్ర వేసుకోవలసిందే, ఎంతో డాక్టర్‌ని అడగమను.

ఇక వంట. రెండు కప్పుల పొడికి అర కప్పు శనగపిండి కలిపితే ముక్క మెత్తబడుతుంది, లైసినూ కొంత చేరుతుంది. ఉప్పు, కారం, ధనియాల పొడి వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద కట్టు. ఎక్కువ పిసికితే రబ్బరవుతుంది. పావుగంట ఆగి, రెండు లావు ముద్దలుగా చేసి, ఇడ్లీ పాత్రలో ముప్పావు గంట ఆవిరి పట్టు. నీళ్లలో ఉడికిస్తే మాత్రం తెర్లనివ్వకు, స్పంజిలా ఉబ్బి రుచి పోతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారాక కత్తితో కోయకుండా చేత్తో చీల్చు, మసాలా ఆ గరుకులోకి దిగుతుంది. తర్వాత మా అమ్మ మాంసానికి చేసినట్టే: గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగాలు, దాల్చిన చెక్క నూరి, ముక్కలను నూనెలో ఎర్రగా వేయించి, చివర ఉడికించిన గోంగూర కలుపు. దీనికి సొంత రుచి లేదు, పులుపూ కారమూ గట్టిగా పడాలి.

గోంగూర కొనవద్దు, శనివారం పొద్దున్నే కె.ఆర్. మార్కెట్ నుంచి నేనే తెస్తాను. పిల్లవాడి కోసం విడిగా ఒక కొత్త మూకుడు, గరిటె తీసి ఉంచు. ఈ ఉత్తరం అందగానే మీ ఆడపడుచుకు ఫోన్ చేసి, డాక్టర్ వాడికి ఏమని చెప్పారో సరిగ్గా అడిగి నాకు చెప్పు.

మీ అత్తయ్య