సబ్‌వూఫర్ చుట్టూ సిలికాన్ పూయకండి

ప్రశ్న: సొంతంగా సీల్డ్ బాక్సు (గాలి పోకుండా పూర్తిగా మూసిన పెట్టె) చేసి, రెండు సబ్‌వూఫర్ డ్రైవర్లు (బేస్ పలికించే స్పీకర్లు) బిగించాను. వాల్యూమ్ పెంచితే బేస్ పలచబడుతోంది, ఎక్కడి నుంచో ‘ఫుస్’మని గాలి చప్పుడు వస్తోంది. డ్రైవర్లను సిలికాన్‌తో అతికించేయమంటున్నారు. ఇంకో సంగతి, బాక్సు వెనక బిగించిన ఆంప్లిఫయర్ తాలూకు యాప్ మైక్, లొకేషన్, కాంటాక్ట్స్ అన్నీ అడుగుతోంది. ఇచ్చేయమంటారా?

జవాబు: సిలికాన్ సలహా ఎవరు మొదలుపెట్టారో గానీ, దానివల్ల పాడైన డ్రైవర్ల గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. మూసిన బాక్సులో అది లోహ భాగాలకు తుప్పు పట్టిస్తుంది. పైగా రేపు డ్రైవర్ తీయాల్సి వస్తే ఫ్రేమ్ వంగుతుంది, లేదా బాక్సు ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) పొరలు పొరలుగా ఊడొస్తుంది. సీలెంట్ పూయాల్సింది చెక్కల కీళ్లకు, అదీ లోపలి వైపు. పూర్తిగా ఆరాకే డ్రైవర్ పెట్టాలి.

డ్రైవర్ అంచుకు కావాల్సింది ఫోమ్ గాస్కెట్ టేపు. గాలి చొరబడని రకం తీసుకోండి, స్పాంజిలా పీల్చేది పనికిరాదు. స్క్రూ రంధ్రాలను కూడా కప్పేంత వెడల్పు ఉండాలి. లేకపోతే గాలి ఆ రంధ్రాల్లోంచే దారి చూసుకుంటుంది. టేపు రెండు కొసలూ కలిసే చోట సందు వదలకండి.

బిగించడంలోనూ తొందర పనికిరాదు. కారు చక్రం నట్లలాగా ఎదురెదురు స్క్రూలను కొంచెం కొంచెంగా తిప్పుతూ రావాలి. ఒక పక్క పూర్తిగా బిగించేస్తే రెండో పక్క లేస్తుంది. ఎండీఎఫ్‌లో చెక్క స్క్రూలను రెండు మూడుసార్లు తీసి పెడితే పట్టు పోతుంది. అందుకే వెనక నుంచి టీ-నట్లు (చెక్కలో దిగి పట్టుకునే లోహపు నట్లు) కొట్టి, బోల్టులు వాడండి. బిగించడానికి డ్రిల్లు మాత్రం వాడకండి, చేత్తోనే తిప్పండి. డ్రైవర్ అయస్కాంతం బిట్‌ను తన వైపు లాగుతుంది, చెయ్యి జారితే కోన్‌కు (డ్రైవర్ ముందు భాగంలో కదిలే పొరకు) చిల్లే.

లీకు డ్రైవర్ దగ్గరే ఉందని అనుకోకండి. చాలాసార్లు దొంగ వెనకాల వైర్లు తగిలించే టెర్మినల్ కప్పు దగ్గరో, ఆంప్లిఫయర్ ప్లేటు అంచునో దొరుకుతాడు. 30–40 హెర్ట్జ్ టోన్‌ను తక్కువ వాల్యూమ్‌లో వాయించి, తడి చేతిని అంచుల వెంట తిప్పండి. గాలి తగిలిన చోటే లీకు. మీ రెండు డ్రైవర్లూ బాక్సు లోపల మధ్యలో అడ్డుచెక్క లేకుండా ఒకే అరలో ఉంటే ఇంకో తేలిక పరీక్ష: ఆంప్లిఫయర్ ఆపేసి, ఒక కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి పట్టుకోండి. రెండోది బయటికి వస్తుంది. వెంటనే వెనక్కి జారిపోతే గాలి పోతున్నట్టే.

ఇక యాప్. నన్ను భయపెట్టేది అసలు ఇదే. గది ధ్వనిని కొలవడానికి మైక్ కావాలి, ఒప్పుకుంటాను. ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని ఇచ్చి, కొలత అయ్యాక తీసేయండి. లొకేషన్ ఎందుకు? ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే ఆ అనుమతి ఉండాల్సి వచ్చేది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12లో దానికి విడిగా ‘దగ్గరి పరికరాలు’ అనుమతి పెట్టారు. కొత్త ఫోన్‌లోనూ లొకేషన్ కోసం పట్టుబడుతోందంటే యాప్‌ను ఎవరూ పట్టించుకోకుండా వదిలేసినట్టుంది, లేదా మీ సమాచారం మీద కన్నుంది. కాంటాక్ట్స్‌తో బేస్‌కు ఏం సంబంధమో తయారీదార్లే చెప్పాలి. అన్నీ ఇస్తే తప్ప కదలనని మొరాయిస్తే యాప్ తీసేయండి. వాల్యూమ్, క్రాసోవర్ (సబ్‌వూఫర్ ఏ ఫ్రీక్వెన్సీ వరకు పలకాలో పెట్టేది), ఫేజ్ (మిగతా స్పీకర్లతో సబ్‌వూఫర్ ధ్వనిని కలిపేది) నాబ్‌లు ఆంప్లిఫయర్ వెనకే ఉంటే మీకు యాప్‌తో పనే లేదు. అవి కూడా ఎత్తేసి అంతా యాప్‌కే అప్పజెప్పిన మోడల్ అయితే, వెనక్కి ఇచ్చే గడువు ఇంకా ఉందేమో చూడండి.