యూకేలో ప్రైవేటు పార్కింగ్ ఛార్జీ ఉత్తరం వస్తే కట్టేయాలా, పట్టించుకోకూడదా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: ఇంగ్లండ్‌లోని ఒక షాపింగ్ సముదాయపు కారు పార్కులో, మూడేళ్ల పాపతో ఉన్నందువల్ల, ఉచితంగా ఇచ్చిన సమయం కన్నా కొంచెం ఎక్కువసేపు ఉండవలసి వచ్చింది. ఆ తరువాత ఒక ప్రైవేటు సంస్థ నుంచి 100 పౌండ్లు కట్టమనీ, 14 రోజుల్లోపు కడితే 60 చాలనీ ఉత్తరం వచ్చింది. మీవారు కట్టేద్దామంటున్నారు, స్నేహితులు చింపి పారేయమంటున్నారు, మీకేమో వీసాకు ఇబ్బంది వస్తుందేమోనన్న భయం. నా సలహా ఏమిటంటే, ఇప్పుడే కట్టవద్దు, చింపి పారేయనూ వద్దు. ఆ 14 రోజుల లోపలే ఆ సంస్థకు అప్పీలు రాయండి. గడువులోపల రాసిన అప్పీలును వారు తిరస్కరించినా, తగ్గించిన మొత్తం కట్టడానికి సాధారణంగా మరో 14 రోజులు ఇస్తారు కాబట్టి రాయడం వల్ల మీకు నష్టమేమీ లేదు.

మేము రెడింగ్‌లో ఉన్నప్పుడు ఇటువంటి ఉత్తరమే మాకూ వచ్చింది. డబ్బు కట్టి నిలుపుకొనే కారు పార్కులోకి మలుపు తిరుగుతుండగానే మా అబ్బాయి తాగిన పాలన్నీ వాంతి చేసుకున్నాడు. అప్పటికి వాడికి రెండేళ్లు నిండలేదు. దొరికిన చోట కారు ఆపి చూస్తే, విరిగిన పాలు చైల్డ్ సీటు బకిల్ లోపలికంతా దిగి, ఎర్రటి బటన్ ఎంత నొక్కినా లోపలికి పోవడం లేదు. నా భార్య వాడి తల పట్టుకుని ఊరడిస్తుంటే, నేను తడి గుడ్డ కొసను సన్నగా మెలిపెట్టి ఆ సందులో తిప్పుతూ శుభ్రం చేస్తే తప్ప బెల్టు ఊడలేదు. బట్టలు మార్చి, మెషిన్ దగ్గర వరుసలో నిలబడి టికెట్ తీసుకున్నాము, టికెట్ మీద రాసిన సమయం దాటక ముందే బయలుదేరాము. అయినా ఉత్తరం వచ్చింది, ఎందుకంటే అక్కడి కెమెరాలు కారు నిలిపి ఉంచిన సమయాన్ని కాదు, గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి గేటు దాటేవరకు గడిచిన సమయాన్ని లెక్క కడతాయి. ఉత్తరంలో ఉన్న రెండు ఫొటోలలో కనబడేవి నంబర్ ప్లేటు, గడియారపు అంకెలు మాత్రమే. ఆ రెండింటి మధ్య ఒక పసివాడితో ఏం జరిగిందో వాటికి తెలియదు, మనం రాసి చెబితేనే అవతలి వారికి తెలుస్తుంది.

మేము టికెట్ నకలుతో పాటు, వాంతి సంగతి చెబుతూ నా భార్య అప్పటికప్పుడే మా అత్తగారికి వాట్సాప్‌లో పంపిన ఫొటోను, అది వెళ్లిన సమయం కనిపించేలా జతచేశాము. సంస్థ తిరస్కరించింది. ప్రైవేటు పార్కింగ్ అప్పీళ్లను విచారించే స్వతంత్ర సంస్థ అయిన పోప్లాకు వెళ్లాక మాత్రం వాదించకుండానే ఛార్జీని రద్దు చేసుకుంది. మీ దగ్గర కూడా అటువంటిది తప్పక ఏదో ఒకటి ఉంటుంది: ఫొటో, ఫార్మసీ బిల్లు, డాక్టరుకు చేసిన ఫోను వివరం. పాపకు నిజంగా ఏం జరిగిందో దాన్నే నాలుగు వాక్యాల్లో రాయండి.

స్నేహితుల సలహా ఒకప్పటి మాట. 2012 అక్టోబరుకు ముందు ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇటువంటి ఛార్జీకి కారు నడిపిన వారే బాధ్యులు తప్ప, కారు ఎవరి పేరున నమోదై ఉందో వారికి బాధ్యత ఉండేది కాదు. అందుకే చాలామంది ఉత్తరాలను పక్కన పడేసేవారు. ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం, 2012 ప్రైవేటు స్థలాల్లో కారు కదలకుండా చక్రాలకు క్లాంపులు వేయడాన్ని నిషేధించి, దానికి బదులుగా షరతులకు లోబడి నమోదిత కీపరు, అంటే కారు ఎవరి పేరున నమోదై ఉందో వారి నుంచి వసూలు చేసే వీలు కల్పించింది. ఆ తరువాత 2015లో, చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల ఉచిత సమయం దాటి దాదాపు మరో గంట ఉన్న వ్యక్తికి వేసిన 85 పౌండ్ల ఛార్జీ చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఉత్తరాన్ని పట్టించుకోకపోవడం ఇప్పుడు క్షేమం కాదు.

అయితే చట్టం పెట్టిన షరతులు మీకు పనికొస్తాయి. కారు అద్దం మీద నోటీసు అంటించకుండా కెమెరా ఆధారంగా పంపిన ఉత్తరమైతే, సంఘటన జరిగిన 14 రోజుల్లోపు అది కీపరుకు చేరాలి. చేరకపోతే కీపరును బాధ్యులను చేయలేరు. ముందుగా ఆ రెండు తేదీలు చూడండి. అలాగే ఈ రంగంలోని రెండు సంఘాలు 2024లో ఉమ్మడిగా తెచ్చిన నియమావళి ప్రకారం, అనుమతించిన సమయం ముగిశాక బయటకు వెళ్లడానికి కనీసం 10 నిమిషాల వెసులుబాటు ఇవ్వాలి. మీరు ఎక్కువగా ఉన్నది ఆ 10 నిమిషాల లోపే అయితే అప్పీలులో మొదటి వాక్యం అదే కావాలి.

అప్పీలు పంపిన రోజే ఆ సముదాయంలో మీరు సరుకులు కొన్న దుకాణానికి బిల్లు తీసుకుని వెళ్లి, కస్టమర్ సర్వీస్ కౌంటరులో మేనేజరుతో మాట్లాడమని కూడా చెబుతాను. పార్కింగ్ సంస్థ ఆ స్థలం వారి తరఫున పనిచేసేదే కనుక, వారు ఒక మాట చెబితే రద్దయ్యే అవకాశం ఉంది. బిల్లు లేకపోతే బ్యాంకు యాప్‌లోని లావాదేవీ చూపించండి. మన వాళ్లలో చాలామంది అడగడానికి మొహమాటపడి ఈ మార్గాన్ని వదిలేస్తున్నారు.

సంస్థ తిరస్కరిస్తే పోప్లాకు గానీ, ఐఏఎస్ అనే అటువంటి మరో అప్పీళ్ల సంస్థకు గానీ వెళ్లవచ్చు. ఏది వర్తిస్తుందో తిరస్కరణ ఉత్తరంలోనే ఉంటుంది. పోప్లాకు రుసుము లేదు, 28 రోజుల గడువు ఉంటుంది, దాని నిర్ణయానికి సంస్థ కట్టుబడాలి. అక్కడ ఓడిపోతే మాత్రం 60 పౌండ్ల తగ్గింపు సాధారణంగా ఉండదు. ఆధారాలు బలహీనంగా ఉన్నాయనిపిస్తే తిరస్కరణ రాగానే 60 కట్టి ముగించడంలో తప్పు లేదు. మీకు వచ్చినది కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) నోటీసు అయి ఉంటే దారి వేరు, అది ట్రిబ్యునల్ వరకు వెళుతుంది.

ఇక వీసా సంగతి. ఇది సివిల్ వ్యవహారం, నేరం కాదు. ఛార్జీ పడినంత మాత్రాన మీ వీసాకు ఏమీ కాదు. అసలు ప్రమాదం ఉత్తరాలు మనకు అందకపోవడంలో ఉంది. ఇల్లు మారినప్పుడు చాలామంది డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా మారుస్తారు, కారు లాగ్‌బుక్‌లో (రిజిస్ట్రేషన్ పత్రంలో) మార్చరు. వాహనాలు, లైసెన్సుల రికార్డులు ఉంచే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ దగ్గర ఈ రెండూ వేర్వేరు రికార్డులు, పార్కింగ్ సంస్థలకు వెళ్లేది లాగ్‌బుక్ చిరునామా. కోర్టు పత్రాలు పాత ఇంటికి వెళ్లి, జవాబు లేక కౌంటీ కోర్టు తీర్పు మీ పేరున వస్తే, నెల లోపల కట్టకపోతే అది ఆరేళ్లు క్రెడిట్ రికార్డులో ఉంటుంది. ఇల్లు అద్దెకు తీసుకోవడం, ఇంటి రుణం (మార్ట్‌గేజ్) పొందడం రెండూ కష్టమవుతాయి. లాగ్‌బుక్‌లో చిరునామా మార్చడం ఉచితం, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. అప్పీలు రాయడానికి కూర్చునే ముందు అది సరిచూసుకోండి.