హలో అనగానే తెలిసిపోద్దా?

ప్రశ్న: మా అక్క కూతురు డల్లాస్‌లోనే పుట్టి పెరిగింది. ఈమధ్య అద్దె ఇంటికోసం ఫోన్ చేస్తే ఖాళీగానే ఉంది రమ్మన్నారంట, తీరా వెళ్ళి నిలబడితే ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశాం అన్నారంట. ఫోన్లో తెల్లమ్మాయి అనుకున్నారు పిన్నీ అంటది. నీదంతా అనుమానం అన్నాను నేను. నిజంగా అట్లా లెక్కేస్తారా అండీ?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ పిల్ల మాట కొట్టిపారేయకండి. జాన్ బా అని అమెరికాలో నల్లజాతి భాషాశాస్త్రవేత్త, ఆయనకీ అచ్చం ఇదే జరిగింది, కాలిఫోర్నియాలో పాలో ఆల్టో వైపు ఇల్లు వెతుక్కుంటూ ఫోన్ చేస్తే రమ్మనేవాళ్ళు, మనిషిని చూశాక కొందరు ఖాళీ లేదనేవాళ్ళు. ఇంకొకళ్ళయితే తిట్టుకుని వదిలేద్దురు, ఈయన వదల్లా. తెల్లవాళ్ళలా, నల్లవాళ్ళలా, మెక్సికన్ మూలాలున్నవాళ్ళలా మూడు రకాల ఇంగ్లీషూ ఆయనకి వచ్చు, పేపర్లో ప్రకటనిచ్చిన ఓనర్లకి ఒకటే వాక్యం మూడు యాసల్లోనూ ఫోన్ చేసి చెప్పాడు. తెల్లవాళ్ళు ఎక్కువుండే పేటల్లో మిగతా రెండు యాసలకీ రమ్మనడం బాగా తగ్గిపోయింది! 1999లో అచ్చయిన ఆ పరిశోధనలోనే ఉత్త "హలో" వినిపిస్తే విన్నవాళ్ళు నూటికి 70 సార్లకి పైనే ఏ యాసో కరెక్ట్‌గా చెప్పేశారు.

అయితే యాస చెప్పేది ఎవరి మధ్య పెరిగారో అంతే, పుట్టుక కాదు. పిల్లలకి అది అమ్మానాన్నల కంటే తోటిపిల్లల నుంచే ఎక్కువ అంటుకుంటది, మీ అమ్మాయి విషయంలో ఓనరు బోల్తా పడింది అక్కడే.

ఇంకో తమాషా, కళ్ళు చెవుల్ని కూడా మోసం చేస్తయ్. 1992లో డొనాల్డ్ రూబిన్ అనే ఆయన అమెరికన్ ఆవిడ చదివిన ఒకటే టేపు స్టూడెంట్లకి వినిపించాడు, కొందరికి తెల్లావిడ ఫోటో పెట్టి, కొందరికి ఆసియా ఆవిడ ఫోటో పెట్టి. ఆసియా ఫోటో చూసినవాళ్ళకి లేని యాస వినపడింది, పాఠం కూడా సరిగ్గా ఎక్కలా.

మనమేం తక్కువ తిన్లేదు లెండి, హైదరాబాద్‌లో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే రెండో మాటే "ఏ ఊరండీ మీది" అంటారు, వాళ్ళు అడిగేది ఊరొక్కటేనా?

సరే, మీ అమ్మాయి సంగతి. జాతిని బట్టి ఇల్లు ఇవ్వననడం అక్కడ 1968 నుంచీ చట్టరీత్యా తప్పు, హౌసింగ్ శాఖకి ఏడాది లోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫోన్ చేసిన తేదీ, టైము, ఎవరేమన్నారో రాసి పెట్టుకోమనండి. ఆ ఇంటికే తెల్ల ఫ్రెండ్‌ని ఒకసారి వెళ్ళి అడగమనండి, ఖాళీగా ఉందంటే అప్పుడు మీరు కూడా అనుమానం అనరు.