ఇంట్లో చెత్తను వేరు చేయడం వల్ల పర్యావరణానికి నిజంగా మేలు జరుగుతుందా?

ఇంట్లో ఎంత జాగ్రత్తగా వేరు చేసినా చివరికి అంతా ఒకే గుట్టలో కలిసిపోతుందేమో, అలాంటప్పుడు ఈ శ్రమ వల్ల ఒరిగేదేమిటని మీరు అడిగారు. చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: మేలు తప్పకుండా ఉంది. అయితే అది అన్ని వస్తువుల విషయంలోనూ ఒకేలా ఉండదు, పైగా అందులో పెద్ద భాగం వంటగదిలోనే తేలిపోతుంది.

అన్నిటికంటే ముందు చూడవలసింది తడి చెత్తను. కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన ఆహారం పొడి చెత్తతో కలిస్తే కాగితం, అట్ట తడిసి పనికిరాకుండా పోతాయి. అదే తడి చెత్త గుట్టల అడుగున గాలి తగలకుండా కుళ్లినప్పుడు మీథేన్ వెలువడుతుంది. వందేళ్ల కాలానికి లెక్క వేస్తే ఈ వాయువు భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ. మా ఇంట్లో తడి చెత్తను విడిగా పెట్టి, ఎండుటాకులూ చింపిన అట్టముక్కలూ కలుపుతూ, అప్పుడప్పుడు తిరగేస్తూ ఎరువు చేయడం మొదలుపెట్టాక పొడి చెత్తబుట్టలో దుర్వాసన పోయింది. బయటికి పంపే చెత్త బరువు కూడా బాగా తగ్గింది. గాలి ఆడేలా చూస్తే ఎరువు కుండీ వాసన వేయదు.

పొడి చెత్తలో నేను అత్యంత విలువైనదిగా చూసేది లోహాన్ని. బాక్సైట్‌ను తవ్వి, శుద్ధి చేసి, విద్యుత్తుతో కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. అందుకే చిన్న చిన్న రేకు ముక్కలను కూడా నేను పారేయకుండా, తుడిచి, పిడికెడు ఉండ అయ్యేదాకా కూడబెడతాను. విడి ముక్కలు వేరుచేసే యంత్రాల సందుల్లోంచి జారిపోతాయి. ఇనుప డబ్బాలను అయస్కాంతం సులభంగా ఏరేస్తుంది కనుక వాటిని కడిగి వేస్తే చాలు. గాజును ఎన్నిసార్లయినా కరిగించవచ్చు గాని, వేడిని తట్టుకునే వంటపాత్రల గాజును సీసాలతో కలపకూడదు, ఎందుకంటే అది వేరే ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుంది.

కాగితం నారలు మళ్లీ గుజ్జుగా మారిన ప్రతిసారీ పొట్టివవుతాయి కనుక సాధారణంగా ఐదు నుంచి ఏడు సార్లకు మించి పనికిరావు. నూనె అంటిన కాగితాన్ని, రసాయన పూత ఉండే బిల్లు రసీదులను ఆ కట్టలో వేయకండి.

ప్లాస్టిక్ విషయంలో మాత్రం మీ అనుమానానికి గట్టి ఆధారమే ఉంది. 2015 వరకు ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమేనని 2017లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. డబ్బా అడుగున త్రికోణంలో కనిపించే అంకె ఆ ప్లాస్టిక్ ఏ రకమో చెబుతుందే తప్ప, అది తప్పక రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వదు. 1, 2 అంకెలున్న సీసాలకు గిరాకీ ఎక్కువ. పలుచని సంచులకు, పొరలు పొరలుగా అతికించిన పొట్లాలకు చాలా తక్కువ. కాబట్టి ఇక్కడ వేరు చేయడం కంటే కొనకపోవడమే ఎక్కువ ఫలితమిస్తుందని నా నమ్మకం.

బ్యాటరీలను మాత్రం ఏ బుట్టలోనూ వేయకండి, ముఖ్యంగా లిథియం రకాలను. అవి బండిలో నలిగితే మంటలు లేస్తాయి. విడిగా తీసుకునే చోటికే చేర్చండి.

ఇక అంతా కలిపేస్తారన్న భయం గురించి: మీ చెత్త తీసుకెళ్లేవారినే ఏయే వస్తువులు విడిగా అమ్ముడవుతాయో అడగండి, వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వాళ్లు నిజంగానే కలిపేస్తున్నా, శుభ్రంగా, పొడిగా ఉన్న లోహం, అట్ట త్వరగా పాడుకావు కనుక దాచి, నేరుగా కొనేవారికి ఇవ్వవచ్చు. ఇంట్లో ఎరువుగా మారిన తడి చెత్త అసలు ఆ బండే ఎక్కదు.